కథ చివర కుర్చీ ఏమాయెను?



25 ఏండ్ల క్రిందట, ఒక వేసవిలో, మా సంఘమున పిల్లలకు వి. బి. యస్. జరుగుచుండెను. పాటలు, కంఠత వాక్యములు, రంగు కాగితముల పని, చివర గ్లాసెడు షరబత్తు, రెండు బిస్కట్లు. మీ సంఘములలోను ఇట్లే జరుగును గనుక వర్ణింప నక్కరలేదు. కథల గంట నాది. సెమినరీలో చదువు దినములలో పాతపుస్తకముల బండి యొద్ద కొన్న ‘హైడీ’ యను నవల నా దగ్గర నుండెను. దానిని దినమునకు కొంతగా తెలుగులో చెప్పుచుంటిని.

ముందు వరుసలో చాపమీద ఒక పదేండ్ల పిల్ల కూర్చుండెడిది. పోలియోవలన ఆమె రెండు కాళ్లును చచ్చుపడినవి. తండ్రి సైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని తెచ్చి, ఎత్తి చాపమీద దింపి, పనికి పోయెడివాడు. క్లారా యను నడువలేని బాలిక కథలోనికి వచ్చిన దినమున ఆ పిల్ల చేతులమీద జరుగుకొనుచు నా దగ్గరకు వచ్చి కూర్చుండెను. మరునాడు, క్లారా కుర్చీకి చక్రములు చెక్కవా, ఇనుపవా అని అడిగెను. నాకు తెలియదంటిని. అంతవరకు తాను విన్న యే కథలోను తనవంటి పిల్ల ఆమెకు కనబడి యుండలేదని నాకప్పుడు తోచలేదు.

చివరి దినమున క్లారా ఆల్ప్సు కొండమీద లేచి నడిచెను. పిల్లలందరు చప్పట్లు కొట్టిరి. మంచి ముగింపు చెప్పితినన్న తృప్తితో నేను పుస్తకము మూసితిని. అందరు బిస్కట్లకు పరుగెత్తిన పిమ్మట ఆ పిల్ల మెల్లగా నన్నడిగెను.

“అయ్యగారూ, క్లారా ఏం చేసిందండి?”

“ఏం చేయడమేమిటమ్మా?”

“నడవడానికండి. మేకపాలు నేనూ తాగాను. మా నాయనమ్మ తాగించింది. ప్రార్థన కూడా చేశాను. ఇంకా ఏం చెయ్యాలండి?”

నేనేదో చెప్పితిని. ఏమి చెప్పితినో వ్రాయుటకు ఇప్పటికిని మనస్సు రాదు. మరుసటి వేసవిలో ఆ పిల్ల రాలేదు.

నాటినుండి పిల్లల పుస్తకము ఏది చేతికి వచ్చినను, అందులో కుంటి పిల్లగాని, గ్రుడ్డి పిల్లవాడుగాని ఉన్నట్లు తెలిసినయెడల, ముందుగా చివరి పుటలు తిప్పి చూచు అలవాటు నాకు పట్టుకొన్నది. కథ ముగియునప్పటికి ఆ బిడ్డ ఎక్కడ నున్నాడు? బాగుపడెనా? చనిపోయెనా? లేక ఉన్నవాడు ఉన్నట్లే తక్కిన పిల్లలతో కూడ గొడవపడుచు, ఆడుకొనుచు నున్నాడా? ఈ మూడవది నాకు పాత పుస్తకములలో బహు అరుదుగా దొరికినది.

వికలాంగులైన పిల్లలను తక్కినవారు ఎగతాళి చేయక, భయపడక, స్నేహితులుగా ఎంచుకొనునట్లు నేర్పుటకు కథల పుస్తకములు మంచి సాధనములని ఇప్పుడు ఉపాధ్యాయులును, ఆదివారపు బడి పెద్దలును చెప్పుచున్నారు. నేనును ఒప్పుకొందును. అయితే మందు మంచిదని విన్నంత మాత్రమున సీసా మీది పేరు చదువక బిడ్డకు త్రాగించు తల్లి ఉండదు గదా. అమెరికా దేశపు ఆచార్యురాలు రుడీన్ సిమ్స్ బిషప్, నల్లజాతి పిల్లల పుస్తకములను మనస్సున పెట్టుకొని, 1990లో ఒక మంచి మాట వ్రాసెను. పుస్తకము కొందరు పిల్లలకు పరుల లోకము చూపు కిటికీయనియు, కొందరికి తమ ముఖము చూపు అద్దమనియు ఆమె భావము. ఆ వేసవిలో నేను నలుబది మంది పిల్లలకు కిటికీ తెరచితిననుకొంటిని. చాపమీదనున్న ఆ ఒక్క పిల్లకు అదే పుస్తకము అద్దమైనది. అందులో ఆమెకు ఏమి కనబడెనో పైన వ్రాసితిని.

‘హైడీ’కి అన్యాయము చేయను. స్విట్జర్లాండు రచయిత్రి యోహన్నా స్పీరి దానిని 1880లో ఒక భాగముగాను, 1881లో రెండవ భాగముగాను ప్రకటించెను. ఫ్రాంక్‌ఫర్టు పట్టణపు మేడలో ఆ కొండపిల్ల ఇంటిమీది బెంగతో నిద్రలో లేచి నడుచు భాగము చదివి, హాస్టలులో పెరిగిన నేను కన్నీళ్లు పెట్టుకొంటిని. క్లారా కొండకు రాకముందు ఆ పుస్తకములో అబద్ధము తక్కువ. తరువాత జరిగినదేమి? క్లారా రోగమునకు పేరు లేదు. కొండగాలి, మేకపాలు, పూలు, స్నేహము ఆమెకు బలమిచ్చెను. హైడీ తనను విడిచి క్లారాతో తిరుగుచున్నదను అసూయతో మేకల పీటరు ఆ చక్రాల కుర్చీని కొండమీదినుండి క్రిందికి త్రోసివేసెను. కుర్చీ ముక్కలాయెను. కుర్చీ లేకపోయెను గనుక క్లారా లేచి నిలువవలసివచ్చెను. నిలిచెను, నడిచెను. అనగా క్లారాకును ఆరోగ్యమునకును మధ్య అడ్డముగా నున్నది ఆ కుర్చీయే అన్నట్లు కథ అమర్చబడినది. కుర్చీ గలవారిని అడిగి చూడుడి. అది అడ్డమా, కాళ్లా? మా సంఘములో ఒక పెద్దాయన తన చక్రాల కుర్చీకి పంక్చరైన దినమును, నాకు కాలు బెణికిన దినమును ఒకే విధముగా ఎంచును.

అదే పుస్తకములో మరియొకరున్నారు, చాలమంది గమనింపరు. పీటరు నాయనమ్మ గ్రుడ్డిది. ఆమెకు వెలుగు చూపగలవారు ఎవరును లేరని తెలిసినప్పుడు హైడీ వెక్కివెక్కి యేడ్చును. పిమ్మట యేడ్పు మాని, ముసలమ్మ నమలగల మెత్తని తెల్లని రొట్టెలు తెచ్చి ఇచ్చును. చదువు నేర్చుకొని ఆమెకు కీర్తనలు చదివి వినిపించును. ముసలమ్మకు చూపు రాలేదు, ఆమె సంతోషము అబద్ధమును కాలేదు. స్పీరికి ఈ సంగతి తెలియునన్నమాట! ముసలివారు ఉన్నట్లే ఉండవచ్చును, చిన్నపిల్లను మాత్రము అట్లు విడిచిపెట్టుటకు ఆమెకు మనస్సొప్పలేదు. నేనా కథ మరల చెప్పవలసివచ్చిన ముసలమ్మ గుడిసెలో ఎక్కువసేపు కూర్చుందును.

స్పీరి ఒక్కతెయే కాదు. 1872లో అమెరికాలో సూసన్ కూలిడ్జ్ వ్రాసిన ‘వాట్ కేటీ డిడ్’ చూడుడి. కేటీ మేనత్త మాట వినక ఎక్కగూడని ఉయ్యాల ఎక్కెను, పడెను, వెన్నెముకకు దెబ్బ తగిలెను. నాలుగేండ్లు మంచమున పడియుండి ఓర్పు, శుభ్రత, ఇల్లు దిద్దుకొనుట నేర్చుకొనెను. నేర్చుకొనగానే నడిచెను. మంచమే దేవుని పాఠశాల యని ఆమెకు బోధించిన హెలెన్ అక్క మాత్రము, ఎంత మంచిదైనను, రోగిగానే మిగిలెను. గురువు తప్పినది, శిష్యురాలు పాసైనది! 1911 నాటి ‘సీక్రెట్ గార్డెన్’లోని కాలిన్ యను బాలునికైతే అసలు వీపున లోపమే లేదు, భయమే అతని రోగము. తోటలో త్రవ్వుట మొదలుపెట్టగానే పోయినది.

తానును చక్రాల కుర్చీలో తిరుగు లోయిస్ కీత్ అను ఆంగ్ల రచయిత్రి ఈ నవలలన్నిటిని వరుసగా విమర్శించుచు 2001లో ఒక పుస్తకము వ్రాసెను. పరుపెత్తుకొని నడువుమని మన ప్రభువు చెప్పిన మాటనే ఆమె దానికి పేరు పెట్టినది. ఆ పేరు చూడగానే నాకు కోపము వచ్చెను. చదివిన పిమ్మట కోపము పోయి సిగ్గు మిగిలెను. ఆమె చెప్పునదేమనగా, ఈ కథలలో నడువలేని ఆడపిల్లకు రెండే ద్వారములు: మంచితనముచేత బాగుపడుట, లేదా మంచితనముతోనే చచ్చుట. దీనికి పాస్టరుగా నేను చేర్చదగినది ఒకటి కలదు. సువార్తలలో స్వస్థత వరము. ఈ నవలలలో అది జీతము. పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా వీని తలిదండ్రులు చేసిరా అని శిష్యులడిగినప్పుడు ప్రభువు రెంటిని త్రోసివేసెను. ఆ అధ్యాయము తెలిసిన క్రైస్తవ రచయిత్రులే ఆ శిష్యుల లెక్కను పిల్లల పుస్తకములలోనికి మరల తెచ్చిరి. ఆ లెక్కనే ఆ పిల్ల నా యొద్ద సరిగా కూడి చూపెను: మేకపాలు ఇంత, ప్రార్థన ఇంత, కాళ్లేవి?

డికెన్సు 1843లో వ్రాసిన క్రిస్మసు కథలోని చిన్న టిమ్ సంగతి చెప్పకున్న మీరు ఊరుకొనరు. ఏటేట మన డిసెంబరు నాటకములలో ఒక బలమైన పిల్లవాడు చంకకఱ్ఱతో కుంటుచు అందరిని ఏడిపించుచున్నాడు గదా. క్రిస్మసు దినమున గుడిలో తన్ను చూచి జనులు కుంటివారిని నడిపించిన ప్రభువును తలంచుకొందురు గనుక తన్ను చూచుట మంచిదే యని టిమ్ తండ్రితో చెప్పినట్లు డికెన్సు వ్రాసెను. ఎంత మధురముగా నున్నది! అయితే ఏ బిడ్డ అట్లు పలుకును? గుడికి వచ్చిన కుంటి పిల్లవాడు తనను ఎవరును చూడకుండిన చాలుననుకొనును. టిమ్ కథలో పని ఒక్కటే, లోభి స్క్రూజు గుండెను కరిగించుట. టిమ్‌కు ఏ ఆట ఇష్టము, ఎవరిమీద కోపము, అన్న సంగతి మనకు తెలియనే తెలియదు.

పరదేశపు పుస్తకములనే తప్పుపట్టుచున్నానని యెంచకుడి. ఆరుగురు గ్రుడ్డివారును ఏనుగును అను కథ మనమందరము చిన్ననాట చదివితిమి. బౌద్ధుల ప్రాచీన గ్రంథములలోనే అది కలదు. ఒకడు తోక పట్టుకొని త్రాడనును, ఒకడు కాలు పట్టుకొని స్తంభమనును. నేనును దానిని ప్రసంగములలో వాడితిని. ఒకనాడు కండ్లులేని ఒక ఉపాధ్యాయునికి ఆ కథ చెప్పగా ఆయన నవ్వి, “అయ్యగారూ, ఆ కథ రాసినవాడికి కళ్ళున్నాయండి. మేమైతే ఏనుగు చుట్టూ తిరిగి అంతా తడిమి చూస్తాం. ఒకచోట పట్టుకుని ఊరుకుంటే మాకు పూట గడవదు” అనెను. నిజమే. కండ్లున్నవాడు ఒక్క చూపులో తీర్పు చెప్పును. తడిమి తెలిసికొనువాడు తొందరపడడు. ఎన్ని వందల ఏండ్లనుండి ఆ కథ గ్రుడ్డివారిని మూర్ఖులుగా చూపుచున్నదో, దానిని ఒక్క గ్రుడ్డివాని నడిగి సరిచూచిన పంతులు ఎవరైన నుండెనా?

మహాభారతములోని అష్టావక్రుడు బాలుడై యుండియు జనకుని సభలో పండితుని గెలిచి, తండ్రిని విడిపించుకొనెను. ఎనిమిది వంకరల దేహమును చూచి నవ్వువారికి అంతకన్న జవాబు వేరే కావలెనా? అయినను అరణ్యపర్వపు కథలో తండ్రి అతనిని సమంగా నదిలో స్నానము చేయించును, అవయవములు చక్కనగును. వాదములో గెలిచిన పిల్లవాడు వంకర కాళ్లతోనే ఇంటికి పోరాదా? క్లారాకు మేకపాలు, ఇతనికి నది. ఇక పరమానందయ్య శిష్యులను చూచి నవ్వని తెలుగువాడు లేడు. నేనును నవ్వుదును. అయితే ఆ కథలలో నేను ఆలస్యముగా గమనించినదొకటి యున్నది. అంత నష్టము చేసినను ఆ గురువు వారిని ఇంటినుండి వెళ్లగొట్టడు. ఆ మాట పిల్లలకు చెప్పి నవ్వించినయెడల ఆ నవ్వు వేరు.

పుస్తకములకన్న ముందు మన నోరే పిల్లలకు మొదటి వాచకము. చెవిటివాని ముందు శంఖ మూదినట్లనియు, గ్రుడ్డికన్న మెల్ల మేలనియు అలవోకగా అనుచుందుము. పల్లెలో మనిషి పేరుకు ముందు కుంటి అనియో, నత్తి అనియో చేర్చనిదే ఎవరినో గుర్తుపట్టరు. వికలాంగులను మాట పోయి విభిన్న ప్రతిభావంతులనియు, దివ్యాంగులనియు ప్రభుత్వపు పేర్లు వచ్చినవి. మర్యాదయే గాని, వీధిలో పిలుపు మారలేదు. నేను ఈ వ్యాసములో పరిశుద్ధ గ్రంథపు తెలుగులోని పాతమాటలే వాడుచున్నాను; అవి నొప్పించునని నాకు తెలియును. తేనె పూసిన పేరుకన్న, పేరుపెట్టి పిలిచి ప్రక్కన కూర్చుండుట మేలని ఆ ఉపాధ్యాయుడే నాతో చెప్పెను.

మన గ్రంథములోనే మూడవ ద్వారమున్నది. నేను ముప్పది ఏండ్లు దాని ప్రక్కనుండి నడిచి పోయితిని. సమూయేలు రెండవ గ్రంథములోని మెఫీబోషెతు ఐదేండ్ల బిడ్డగా ఉన్నప్పుడు, తండ్రియు తాతయు యుద్ధములో కూలిరన్న వార్త వచ్చి, దాది అతని నెత్తుకొని పరుగెత్తుచు జారవిడిచెను. కాళ్లు పోయినవి. అతడు ఏ పాపమును చేయలేదు, దాదియు పాపము చేయలేదు. తొందరలో జరిగిన ప్రమాదము. తరువాత దావీదు అతనిని లోదెబారునుండి పిలిపించి, తాతగారి భూములిచ్చి, తన బల్లయొద్ద నిత్యము భోజనము పెట్టించెను. తొమ్మిదవ అధ్యాయపు చివరి మాట చూడుడి. అతడు రాజు బల్లయొద్ద తినుచుండెననియు, రెండు కాళ్లును కుంటివేననియు చెప్పి అధ్యాయము ముగియును. నది లేదు, మేకపాలు లేవు. వ్రాసినవాడు ఆ కాళ్లను మరచిపోలేదు, సరిచేయనూ లేదు. ఈ కుంటితనమును పాపమునకు గుర్తుగా చెప్పి నేను ఎన్నో కూటములలో ప్రసంగించితిని. ఆ పిల్ల ప్రశ్న నాలో పూర్తిగా దిగిన పిమ్మట ఆ ప్రసంగము చేయలేదు. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు వారడుగు ప్రశ్న వేరు: “అంత దూరం ఆయన్నెవరు మోసుకొచ్చారండి? రోజూ బల్ల దగ్గరికి ఎలా వచ్చేవాడు?” పెద్దలకు ఎన్నడును తోచని ప్రశ్న. మన గుడి మెట్లు ఎన్నియో వారు లెక్కపెట్టియున్నారు కాబోలు.

ఇటీవలి పుస్తకములకు వత్తము. 2012లో ఆర్. జె. పలాసియో వ్రాసిన ‘వండర్’ ఎక్కువ పేరు పొందినది. 2017లో చలనచిత్రమును వచ్చినది. పుట్టుకతోనే ముఖము వేరుగా నున్న పదేండ్ల ఆగీ మొదటిసారి బడికి పోవుట అందలి కథ. అది ఎట్లు పుట్టినదో రచయిత్రియే చెప్పియున్నది. ఐస్‌క్రీము అంగడి దగ్గర అట్టి ముఖముగల ఒక పిల్లను చూచి తన చిన్న కొడుకు ఏడువగా, ఆమె కంగారుపడి పిల్లలను తీసికొని గబగబ వెళ్లిపోయెనట. ఆ వెళ్లిపోయిన సిగ్గులోనుండి పుస్తకము వచ్చినది. అందుకే అందులో ఆగీ భయముకన్న, అతని చూచువారి భయము బాగుగా వ్రాయబడినది. అక్క వియా చెప్పు భాగము మరీ మంచిది. ఇంటిలో ఒక బిడ్డకు నిత్యము ఆపరేషనులు జరుగుచుండగా రెండవ బిడ్డ ఎట్లు పెరుగునో మన సంఘములలోని తల్లులకు తెలియును, పుస్తకములలో అరుదు. అయితే చివరి పుటలు నన్ను నిరాశపరచినవి. సంవత్సరాంతమున ఆగీకి పతకమిచ్చి, అందరును లేచి నిలిచి చప్పట్లు కొట్టుదురు. అతడు చేసిన ఘనకార్యమేమి? బడికి వచ్చుట. మన వార్షికోత్సవములలో కుంటి పిల్లను వేదికమీదికి పిలిచి శాలువ కప్పి, ఫోటో తీసి, మరునాడు ఆటలో చేర్చుకొనక పోవుటకును దీనికిని దూరపు చుట్టరికమున్నది. అయినను ఈ పుస్తకమును పిల్లల చేతికిత్తును. చప్పట్ల సంగతి మాత్రము వారితో మాటలాడుదును.

నా మట్టుకు నాకు అంతకన్న మిన్నగా తోచినది సీసీ బెల్ 2014లో బొమ్మలతో వ్రాసిన స్వీయకథ, ‘ఎల్ డెఫో’. 2015లో న్యూబెరీ గౌరవము పొందెను. నాలుగేండ్లప్పుడు మెదడు పొరల వాపు జ్వరము వచ్చి ఆమెకు చెవుడు కలిగెను. కథలో అందరిని కుందేళ్లుగా వేసినది. చెవులు పెద్దవి గనుక, వినబడని చెవులు దాగవు. పంతులమ్మ మెడలో మైకు, ఈమె రొమ్మున కట్టుకొన్న వినికిడి యంత్రము. పంతులమ్మ గదిలోనుండి బయటకు పోయినను, మరుగుదొడ్డికి పోయినను ఆమె చప్పుళ్లన్నియు ఈ పిల్ల చెవిలో పడుచుండును! పిల్లలు దీనికి పడిపడి నవ్వుదురు. ఎవరిని చూచియు కాదు, ఆమెతో కూడ నవ్వుదురు. యంత్రములోని బ్యాటరీ తగ్గినప్పుడు బొమ్మలలోని మాటల అక్షరములు క్రమక్రమముగా వెలసి, చివరకు బుడగ ఖాళీయగును. చెవుడనగా నేమో నా జన్మలో నాకు అంత సూటిగా ఎవరును చెప్పలేదు. ఒక స్నేహితురాలు ఆమెతో ప్రతి మాటను బిగ్గరగా, సాగదీసి పలుకును. దుష్టురాలు కాదు, దయగలది. ఆ దయయే భరింపరానిది. నేను చెవిటి పెద్దలతో ఎట్లు మాటలాడుచుంటినో ఆ పుట చదివి తెలిసికొంటిని. ఇందులో స్వస్థత లేదు. చివరకు ఆమెకు దొరికినది ఒక మంచి స్నేహితురాలును, తన యంత్రమును దాచుకొననక్కరలేదను ధైర్యమును.

మన దేశములోను ఇట్టివి వచ్చుచున్నవి. చెన్నైలోని తూలికా ప్రచురణలవారు తెలుగులోను పిల్లల పుస్తకములు వేయుచున్నారు. వారు వేసిన జై విటేకర్ ‘కన్నా పన్నా’లో గ్రుడ్డి బాలుడొకడు బంధువులతో గుహలోని గుడికి పోవును, దీపములారిపోవును, అందరును గాబరాపడుచుండగా అతడు వారిని బయటకు నడిపించును. చీకటి అతనికి క్రొత్త కాదు గదా. చక్కని కథ. ఒక్క సందేహము మాత్రము చెప్పుదును. గ్రుడ్డి బిడ్డ ప్రతివాడును ఎవరినో ఒకరిని రక్షించినగాని మనము చోటియ్యమా? ఏ పనికిని రాని అల్లరి పిల్లలకు మన చాపమీద చోటున్నది. అతనికిని అట్లే ఉండవద్దా? మరియొక చిక్కు కలదు. గ్రుడ్డి బాలుని గూర్చి బొమ్మల పుస్తకము వచ్చినను, ఆ బాలుడు దానిని తానుగా చదువుటకు బ్రెయిలు ప్రతి కావలెను. అట్టి ప్రతులకు కాపీహక్కు అడ్డురాకుండ 2013లో చేయబడిన మర్రాకేషు ఒప్పందమును 2014లో అందరికన్న ముందు ధ్రువపరచిన దేశము మనదే. ఇక మీ ఆదివారపు బడి బీరువా తెరచి చూడుడి. వ్రేలితో చదువదగిన పుస్తకము ఒక్కటైన ఉన్నదా? మా బీరువాలో నిన్న మొన్నటివరకు లేదు.

చదువు వినిపించు పద్ధతినిగూర్చి రెండు మాటలు చెప్పి విరమింతును. ఇట్టి పుస్తకమును డిసెంబరు 3న, అనగా 1992నుండి వికలాంగుల దినముగా జరుపుచున్న నాడు, బీరువాలోనుండి తీసి దుమ్ము దులుపు ఆచారము నాకు నచ్చదు. పది కథల నడుమ పదునొకటవదిగా, ఏ పీఠికయు లేక చదువుడి. చదువుచుండగా తరగతిలోని కండ్లన్నియు ఒక పిల్లవాని వైపు తిరుగును, ఇది తప్పదు. అప్పుడు వానిని లేపి, “నీకెలా ఉంటుందో చెప్పు నాయనా” అని అడుగకుడి. నేనొకసారి అడిగితిని, వాడు నేలచూపులు చూచెను. వాడు చెప్పదలచినప్పుడు చెప్పును. తక్కిన పిల్లలను “పాపం కదా” అనిపించుటకు ప్రయత్నింపకుడి. “ఈ పిల్ల మన బడికి వస్తే ఎక్కడ కూర్చుంటుంది? నీళ్ళ కుండ అందుతుందా?” అని అడుగుడి. జాలిపడు పిల్లలు ఇంటికి పోగానే మరతురు. కుండను క్రిందికి దింపిన పిల్లలు మరునాడు వచ్చి అది అక్కడే ఉన్నదా యని చూతురు.

మరియు, మీ తరగతిలో అట్టివారెవరును లేరని తొందరపడి అనకుడి. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2.68 కోట్లు, నూటికి రెండు పాళ్లకు కొంచెము పైన. 2016 నాటి చట్టము, పాత చట్టములోని ఏడు విధములకు బదులుగా 21 విధముల వైకల్యములను గుర్తించెను. చదువుటయందే కష్టపడు పిల్లలును అందులోనివారే. అక్షరములు తారుమారై కనబడు బిడ్డను మొద్దు అని వెనుక వరుసకు పంపి, ముందు వరుసకు ‘వండర్’ చదివి వినిపించు పంతులును నేనెరుగుదును. దూరము వెదకనక్కరలేదు, ఆయన పేరు ఈ వ్యాసము క్రింద నున్నది.

ఆ పోలియో పిల్ల సంగతి చెప్పవలెను. రెండేండ్ల క్రిందట ఒక పెండ్లిలో మూడు చక్రాల స్కూటరు మీద వచ్చిన ఒకామె నన్ను గుర్తుపట్టి పలుకరించెను. ఉద్యోగము చేయుచున్నది, భర్త, ఏడేండ్ల కొడుకు. కోపముండునని భయపడుచు నిలిచితిని. “అయ్యగారూ, ఆ హైడీ పుస్తకం ఇంకా మీ దగ్గరుందా అండి?” అని అడిగెను. మరుసటి వారము పోస్టులో పంపితిని. మొన్న ఈస్టరుకు ఆమె ఫోను చేసినప్పుడు ఉండబట్టలేక అడిగితిని.

“మీ వాడికి చెప్పావా అమ్మా?”

“రోజుకింత చెప్పానండి, మీలాగే.”

“క్లారా నడిచిన చోట ఏం చెప్పావు?”

“ఉన్నదున్నట్టే చెప్పానండి. వాడు క్లారా గురించి ఏమీ అడగలేదు. మా ఇంట్లో నా కుర్చీ ఉంది కదండీ, దాని రేటు వాడికి తెలుసు. ‘అంత మంచి కుర్చీ విరగ్గొట్టాడు కదా, డబ్బులెవరు కట్టారమ్మా? పీటరు వాళ్ళమ్మ కట్టిందా?’ అని ఒకటే గోల. ఏం చెప్పనండి?”

నాకు తెలియదంటిని. ఫోనులో ఇద్దరమును చాలసేపు నవ్వుకొంటిమి.